పాత సైకిలు చక్రమునకు తగిన టైరు, ట్యూబు
పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన మూడంకెల కొలత

గ్రామములలో సైకిలు నేటికిని పేదవాని వాహనమే. మోటారు వాహనము లెన్ని వచ్చినను, పొలమునకు పోవు కూలీకి, పాలకేంద్రమునకు పాలు చేర్చు చిన్న రైతునకు, మూడు నాలుగు కిలోమీటర్ల దూరమున నున్న ఉన్నత పాఠశాలకు పోవు బాలికకు కాలమును, శ్రమను ఆదా చేయునది ఈ రెండు చక్రముల బండియే. ఈ సత్యమును గుర్తించియే 2006లో బీహారు ప్రభుత్వము బడికి పోవు బాలికలు సైకిళ్లు కొనుటకు ధనసహాయము చేయు పథకమును ఆరంభించినది. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ‘బడికొస్తా’ అను పేరుతో ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్లు పంచిపెట్టినది. దూరము చదువునకు అడ్డు రాకూడదన్నదే ఈ ప్రయత్నముల సారాంశము.

అయితే సైకిలు ఇంటికి వచ్చుట ఒక యెత్తు. అది ఆగక నడచుట మరియొక యెత్తు. కొన్ని సంవత్సరములు నడచిన పిమ్మట టైరు అరుగును, ట్యూబునకు అతుకులు పెరుగును. కొత్తవి వేయక తప్పదు. తండ్రి పట్టణమునకు పోయి “ఇరువది యారు టైరు ఇమ్ము” అని అడిగి తెచ్చును. ఇంటికి వచ్చి చూచినచో అది రిమ్ముమీద ఎక్కదు. లేదా ఎక్కి వదులుగా జారుచుండును. ఒకసారి రిమ్ముమీద ఎక్కించి మరకపడిన టైరును దుకాణదారుడు తిరిగి తీసికొనడు. మరల సొమ్ము చేతికి వచ్చువరకు సైకిలు వసారాలో గోడకు ఆనుకొని యుండును. బాలిక కొన్నాళ్లు నడచిపోవును; వానలు వచ్చినంతట ఒకనాడు పోవును, ఒకనాడు మానును. కొన్ని వందల రూపాయల వస్తువులో జరిగిన పొరపాటు వేల రూపాయల సైకిలును, అంతకంటె విలువైన చదువును మూలబెట్టుచున్నది.

ఈ నష్టము తప్పించుటకు పెద్ద విద్య యేదియు అక్కరలేదు. టైరుమీద ముద్రించియుండు ఒక మూడంకెల సంఖ్యను చదువ నేర్చిన చాలును. ఆ సంఖ్య యేమి, అది ఎందులకు వచ్చినది, దానిని పాత చక్రమునకు ఎట్లు కనుగొనవలెను, పంచాయతీ ఈ విషయమున చేయదగిన సాయ మేమి అను సంగతులను ఈ వ్యాసమున వివరించుచున్నాము.

అంగుళముల లెక్క ఎక్కడ పుట్టినది?

గాలి నింపిన సైకిలు టైరును 1888లో బెల్‌ఫాస్టు నగరమున జాన్ బాయిడ్ డన్‌లప్ అను పశువైద్యుడు వాడుకలోనికి తెచ్చెను. తొలినాటి టైరును రిమ్మునకు అంటించి బిగించెడివారు. పంచరు పడిన ప్రతిసారి దానిని ఊడదీయుట గొప్ప తంటాగా నుండెను. 1890లో వెల్చ్ అను ఇంగ్లీషువాడు టైరు రెండు అంచులలోను తీగ నుంచి, ఆ తీగ పట్టుతోనే టైరు రిమ్ములో నిలుచు ఏర్పాటును కనిపెట్టెను. నేటికిని మన సైకిలు టైర్లు చాలవరకు ఈ పద్ధతిలోనివే. టైరు అంచును వ్రేళ్లతో నొక్కి చూచినచో లోపల గట్టిగా తగులునది ఆ ఉక్కు తీగయే.

ఈ తీగను గూర్చి ఒక్క విషయము గుర్తుంచుకొనవలెను. రబ్బరు సాగును, ఉక్కు తీగ సాగదు. అందువలన టైరు పట్టునా పట్టదా అను ప్రశ్నకు సమాధానము రబ్బరులో లేదు, తీగ చుట్టు కొలతలో ఉన్నది. తీగ రిమ్ములో కూర్చుండు చోటి వ్యాసమును ఈ వ్యాసములో సులభముగా ‘తీగ వ్యాసము’ అని పిలుచుకొందము.

పాతకాలపు తయారీదారులు టైరునకు పేరు పెట్టునపుడు ఈ తీగ వ్యాసమును చెప్పలేదు. గాలి నిండిన టైరు బయటి వ్యాసమును, టైరు లావును మాత్రమే అంగుళములలో చెప్పిరి. ‘28 × 1½’ అనగా బయటి వ్యాసము సుమారు 28 అంగుళములు, లావు ఒకటిన్నర అంగుళము అని అర్థము. ఇక్కడనే చిక్కు మొదలైనది.

ఇరువది యారు అంగుళముల చక్రమును తీసికొని లెక్క కట్టి చూతము. 26 అంగుళములు అనగా సుమారు 660 మిల్లీమీటర్లు. బయటి వ్యాసము 660 మి.మీ. ఉండవలెనన్నచో, సన్నని టైరు వేసిన చక్రమునకు రిమ్ము పెద్దదిగాను, లావు టైరు వేసిన చక్రమునకు రిమ్ము చిన్నదిగాను ఉండవలెను గదా. 1¼ అంగుళముల లావు అనగా ఇంచుమించు 32 మి.మీ.; అది పైన ఒకసారి, క్రింద ఒకసారి చేరును గనుక రిమ్మువద్ద 597 మి.మీ. మిగులును. 1⅜ అంగుళముల లావునకు 590 మి.మీ. మిగులును. 1½ అంగుళముల లావునకు 584 మి.మీ. మిగులును. ఈ మూడింటికిని ‘ఇరువది యారు’ అనియే పేరు. కాని మూడును వేరువేరు రిమ్ములు. ఒకదాని టైరు మరియొకదానికి పట్టదు.

కావున ‘ఇరువది యారు’ అనునది కొలత కాదు, ఇంటిపేరు వంటిది. ఒకే ఇంటిపేరు గల నలుగురు ఒకే మనిషి కానట్లే, ఒకే అంగుళముల పేరు గల నాలుగు టైర్లు ఒకే టైరు కావు.

భిన్నము వేరు, దశాంశము వేరు

పిమ్మట కాలమున మరియొక తెగ వచ్చినది. నేడు పిల్లలు రేంజరు సైకిళ్లని పిలుచు లావు టైర్ల బండ్లమీద 26 × 1.75, 26 × 1.95, 26 × 2.125 అను రీతిగా దశాంశములతో కొలత ఉండును. ఈ దశాంశపు ఇరువది యారు టైర్లన్నిటికిని సామాన్యముగా తీగ వ్యాసము 559 మి.మీ. ఇది పైన చెప్పిన మూడింటికంటెను చిన్నది.

ఒకటి ముప్పాతిక అనునదియు, 1.75 అనునదియు బడిలో ఒకటే. సైకిలు దుకాణములో ఒకటి కావు. భిన్నముతో వ్రాసిన 26 × 1¾ అను పాత కొలతకు తీగ వ్యాసము 571 మి.మీ.; దశాంశముతో వ్రాసిన 26 × 1.75 కొలతకు 559 మి.మీ. లెక్కలో సమానమైనవి రిమ్ముమీద సమానము కాకపోవుట వింతగా తోచును గాని, ఇది చేతితో పట్టి చూడదగిన నిజము. భిన్నము ఉన్న టైరునకు బదులు దశాంశము ఉన్న టైరును ఎన్నడును కొనరాదన్నది మొదటి సూత్రము.

మూడంకెల సంఖ్య

ఈ గందరగోళమును తీర్చుటకు యూరపులో టైరు, రిమ్ము తయారీదారుల సాంకేతిక సంస్థ ఒకటి తీగ వ్యాసమును నేరుగా మిల్లీమీటర్లలో చెప్పు పద్ధతిని వ్యాప్తిలోనికి తెచ్చినది. తరువాత అదియే ఐ.ఎస్.ఓ. 5775 అను అంతర్జాతీయ ప్రమాణముగా స్థిరపడినది. దీని ప్రకారము టైరు ప్రక్కన రెండు సంఖ్యలు, నడుమ చిన్న గీత ఉండును. ఉదాహరణమునకు 40-635. ఇందు మొదటి రెండంకెలు టైరు లావు, 40 మి.మీ. తరువాతి మూడంకెలు తీగ వ్యాసము, 635 మి.మీ. లావులో కొంచెము హెచ్చుతగ్గు ఉన్నను సర్దుకొనవచ్చును. మూడంకెల సంఖ్య మాత్రము అక్షరాల కలియవలెను.

మన దేశమున 1956లో తూనికలు, కొలతల ప్రమాణ చట్టము వచ్చి, 1958 అక్టోబరు 1వ తేదీ నుండి మెట్రిక్ పద్ధతి క్రమముగా అమలులోనికి వచ్చెను. శేరులు, వీశెలు పోయి కిలోగ్రాములు వచ్చెను. సైకిలు చక్రము మాత్రము మాటలో నేటికిని అంగుళములనే పట్టుకొనియున్నది. అంగుళములను వదలుమని మేము చెప్పుట లేదు. అంగుళముల పేరుతో పాటు మూడంకెల సంఖ్యను కూడ అడుగుమని చెప్పుచున్నాము.

తరచుగా కనబడు కొలతలు, వాటి తీగ వ్యాసములు ఇవి:

28 × 1½ — 635 మి.మీ.
27 × 1¼ — 630 మి.మీ.
28 × 1⅝ × 1⅜ — 622 మి.మీ.
26 × 1¼ — 597 మి.మీ.
26 × 1⅜ — 590 మి.మీ.
26 × 1½ — 584 మి.మీ.
26 × 1.75, 1.95, 2.125 — 559 మి.మీ.
24 × 1⅜ — 540 మి.మీ.
24 × 1.75 — 507 మి.మీ.
20 × 1⅜ — 451 మి.మీ.
20 × 1.75 — 406 మి.మీ.

ఈ పట్టికను పంచాయతీ కార్యాలయపు గోడమీద వ్రాయించినచో గ్రామమునకు శాశ్వతమైన ఉపకారము జరుగును.

పెద్ద నల్ల సైకిలు సంగతి

మన గ్రామములలో తాతల నాటినుండి ఉన్న పెద్ద నల్ల సైకిలు బ్రిటిషు నమూనాను అనుసరించినది. 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో సైకిల్స్ వెలసిన పిమ్మట ఈ నమూనా సైకిలు దేశమంతట పల్లెపల్లెకు చేరినది. దీని చక్రము 28 × 1½, తీగ వ్యాసము 635 మి.మీ. సైకిలు రిక్షాలకును ఈ కొలతయే వాడుకలో నున్నది.

ఈ సైకిలు విషయమున రెండు భ్రమలు కలవు. మొదటిది: “మాది ఇరువది రెండు సైకిలు”, “మాది ఇరువది నాలుగు సైకిలు” అని పెద్దలు చెప్పుదురు. ఆ ఇరువది రెండు, ఇరువది నాలుగు చక్రము కొలతలు కావు. చట్రము ఎత్తు కొలతలు. రెండింటికిని చక్రము ఇరువది యెనిమిదియే. దుకాణములో ‘ఇరువది నాలుగు టైరు’ అని అడిగినచో పిల్లల సైకిలు టైరు చేతికి వచ్చును.

రెండవ భ్రమ: ఇరువది యెనిమిది అన్న ప్రతి టైరును పెద్ద సైకిలుకు పట్టునని తలచుట. పట్టణపు దుకాణములలో 28 అను ముద్రతో 622 మి.మీ. టైర్లును ఉండును. 635కు, 622కు భేదము వ్యాసములో 13 మి.మీ.; చుట్టుకొలతలో దాదాపు 41 మి.మీ. 622 టైరును 635 రిమ్ముమీద ఎంత బలముతో లాగినను ఎక్కింపలేరు. 635 టైరు 622 రిమ్ముమీద సులభముగా ఎక్కును గాని గాలి కొట్టగానే అంచు దాటి బయటకు వచ్చును.

కొత్త పేర్లు ఈ చిక్కును మరింత పెంచినవి. నేడు ‘ఇరువది తొమ్మిది’ అని అమ్మబడుచున్న లావు టైరు తీగ వ్యాసము 622 మి.మీ. ఫ్రాన్సులో 700 సి అని పిలుచునదియు ఆ 622 రిమ్మే. నేడు ‘ఇరువది యేడున్నర’ అని అమ్మబడునది పాత 26 × 1½ వలెనే 584 మి.మీ. అనగా పేరులో ఒకటిన్నర అంగుళము పెరిగినను రిమ్ము కొలత మారలేదు. 26 × 1½ టైరు దొరకక ఇబ్బంది పడువారికి ఇది పనికివచ్చు సంగతి. 584 అను సంఖ్య గల సన్నని టైరు దొరికినచో నిస్సంకోచముగా వేసికొనవచ్చును. అయితే మడ్‌గార్డునకు, ఫోర్కునకు తగులకుండునంత లావు మాత్రమే ఎంచుకొనవలెను.

ముద్ర చెరిగిపోయిన చక్రమును కొలుచుట

పాత టైరుమీద ముద్ర మిగిలియున్నచో పని సులభము. తడిగుడ్డతో ప్రక్కభాగమును తుడిచి, ఏటవాలుగా వెలుతురు పడునట్లు పట్టి చదువవలెను. ముద్ర అరిగిపోయినను, టైరే లేకపోయినను, రిమ్మును కొలిచి తెలిసికొనవచ్చును.

టైరు, ట్యూబు తీసివేసిన పిమ్మట రిమ్ము లోపలిభాగమును పరిశీలింపుడు. నడుమ పల్లముగా ఒక కాలువ, దానికి ఇరుప్రక్కల అంచుగోడల చెంత సన్నని మెట్టు కనబడును. టైరు తీగ కూర్చుండునది ఆ మెట్టుమీదనే. సాగని పురికొసను గాని సన్నని తీగను గాని తీసికొని, నడిమి పల్లములో పడకుండ, ఆ మెట్టుమీదుగా చుట్టు త్రిప్పి, రెండు కొనలు కలిసిన చోట గుర్తు పెట్టవలెను. దానిని చాపి మీటరు బద్దతో కొలువవలెను. దర్జీ టేపు 150 సెంటీమీటర్లే గనుక నేరుగా చుట్టుటకు చాలదు.

చుట్టుకొలత సుమారు 1995 మి.మీ. వచ్చినచో అది 635 రిమ్ము. 1979 వచ్చినచో 630. 1954 వచ్చినచో 622. 1875 వచ్చినచో 597. 1854 వచ్చినచో 590. 1835 వచ్చినచో 584. 1756 వచ్చినచో 559. మరి యే సంఖ్య వచ్చినను దానిని 3.14తో భాగించినచో తీగ వ్యాసము తెలియును. ఈ పద్ధతిలో ఒక సుగుణము కలదు. 590కు, 584కు వ్యాసములో భేదము 6 మి.మీ. మాత్రమే, అది కంటికి ఆనదు. చుట్టుకొలతలో అది 19 మి.మీ. అగును, అనగా బొటనవ్రేలి వెడల్పంత. ఏడవ తరగతి విద్యార్థి కూడ తప్పు లేకుండ కనిపెట్టగలడు. వృత్తపరిధి పాఠము చెప్పునపుడు ఉపాధ్యాయులు బడి ఆవరణలోని సైకిళ్లతోనే దీనిని చేయించినచో లెక్కయు వచ్చును, ఊరికి ఉపయోగమును కలుగును.

ట్యూబు సర్దుకొనును, టైరు సర్దుకొనదు

ట్యూబులో తీగ లేదు. అది ఒట్టి రబ్బరు. అందువలన దాని విషయమున కొంత వెసులుబాటు కలదు. 590, 584, 559 కొలతల టైర్లకు, లావు ఇంచుమించు సమానమైనచో, ఒకదాని ట్యూబు మరియొకదానికి అవసరమునకు పనిచేయును. 622, 630, 635 కొలతలకును ఇట్లే. కాని ఒక హద్దు కలదు. కొంచెము చిన్న ట్యూబు సాగి సర్దుకొనును. పెద్ద ట్యూబు మడతపడును. మడతపడిన చోట రాపిడి కలిగి ట్యూబు చిరుగును. కావున సరియైనది దొరకనప్పుడు కొంచెము చిన్నదానిని ఎంచుకొనుట మేలు.

లావు విషయమునను ఇదే న్యాయము. సన్నని టైరునకు ఉద్దేశించిన ట్యూబును మిక్కిలి లావు టైరులో వేసినచో అది పలుచబడి త్వరగా పంచరు పడును. లావు ట్యూబును సన్నని టైరులో కుక్కినచో అంచు క్రింద నలిగి పగులును.

వాల్వు సంగతియు చూడవలెను. పాత సైకిళ్లమీద కనబడునది చిన్న రబ్బరు వాల్‌ట్యూబు తొడిగిన పాతరకపు వాల్వు. మోటారు సైకిలు వాల్వు వంటిది రెండవ రకము. ఈ రెండును సుమారు 8 మి.మీ. రంధ్రములో పట్టును. పందెపు సైకిళ్లకు వాడు సన్నని వాల్వు మూడవది; దానికి 6 మి.మీ. రంధ్రము చాలును. సన్నని వాల్వును పెద్ద రంధ్రములో వేసినచో అది ప్రక్కకు ఒరిగి మొదలువద్ద తెగును. కొనుటకు ముందు రిమ్ము రంధ్రమును చూచి, ఊరిలోని పంపు ఏ రకమునకు పట్టునో కూడ చూచుకొనవలెను. గాలి వెలితిగా నున్నదని తోచినపుడు ముందుగా పాతరకపు వాల్వులోని రబ్బరు వాల్‌ట్యూబును మార్చి చూడుడు. అనేక పర్యాయములు పంచరు ట్యూబులో ఉండదు, ఆ చిన్న రబ్బరులోనే ఉండును.

పొరపాటు టైరు కలిగించు అపాయము

సరిపడని టైరు వలన డబ్బు నష్టము ఒక్కటే కాదు, ప్రమాదమును కలదు. చిన్న టైరును ఇనుప పట్టీలతో బలవంతముగా ఎక్కించునపుడు రిమ్ము అంచు వంగును, తీగ దెబ్బతినును, ట్యూబు నొక్కుకొని చిరుగును. పెద్ద టైరు దీనికంటె అపాయకరము. అది తక్కువ గాలితో నాలుగు దినములు నడచినట్లే నడచును. ఒకనాడు నిండుగా గాలి కొట్టి, ఎండలో బరువుతో పోవుచుండగా అంచు రిమ్మును దాటి ఊడును. ట్యూబు తుపాకి దెబ్బవలె పగులును. ముందు చక్రమునకు ఇట్లు జరిగినచో త్రొక్కుచున్నవారు పడిపోక తప్పదు. వెనుక లారీ వచ్చుచున్న రహదారిమీద ఇది ప్రాణముమీదికి వచ్చును. “ఎక్కినది గదా, చాలును” అను మాట ఈ విషయమున పనికిరాదు.

సరియైన టైరును గుర్తించుటకు ఒక గురుతు కలదు. వాల్వునకు ఎదుటి భాగమున టైరు అంచులను రిమ్ము నడిమి పల్లములోనికి నొక్కుచు పోయినచో, ఇవతలి ప్రక్క వదులు ఏర్పడి, చివరి భాగము చేతి బొటనవ్రేళ్లతోనే లోనికి పోవును. ఇనుప పట్టీలతో పెనుగులాడవలసి వచ్చినచో ఆగి, సంఖ్యను మరల చదువవలెను. ఎక్కించిన పిమ్మట కొద్దిగా గాలి కొట్టి చక్రమును త్రిప్పి చూడవలెను. టైరు ప్రక్కన రిమ్మునకు చేరువగా ఒక సన్నని గీత ఉండును. అది చక్రము చుట్టును రిమ్మునకు ఒకే దూరమున కనబడవలెను. ఒకచోట మునిగి, మరియొకచోట తేలినచో గాలి తీసి సర్దవలెను. ఆ తరువాతనే పూర్తిగా గాలి నింపవలెను. టైరుమీద ముద్రించిన ఒత్తిడి హద్దును దాటరాదు. ట్యూబు వేయుటకు ముందు స్పోకుల కొనలను కప్పు రిమ్ టేపు చెక్కుచెదరకుండ ఉన్నదో లేదో చూచుట మరువరాదు.

టైరు దొరకలేదని రిమ్మునే వేరొక కొలతకు మార్చుట తెలివి కాదు. పెద్ద నల్ల సైకిలుకు కడ్డీ బ్రేకులుండును. వాటి రబ్బరు దిమ్మెలు రిమ్ము లోపలి ముఖమును పట్టుకొనును. రిమ్ము 635 నుండి 622కు మారినచో దాని వ్యాసార్థము 6.5 మి.మీ. తగ్గును, ఆకారమును మారును, బ్రేకు సరిగా పట్టదు. రిమ్ము త్రుప్పుపట్టి మార్చక తప్పనిచో అదే కొలత, అదే ఆకారము గలదానిని, స్పోకు రంధ్రములు లెక్కించి కొనవలెను. ఈ సైకిళ్లకు సామాన్యముగా ముందు చక్రమునకు 32, వెనుక చక్రమునకు 40 రంధ్రములు ఉండును.

పంచాయతీ చేయదగిన పనులు

ఇది ఇంటింటి వ్యవహారము గదా, పంచాయతీకి ఏమి పని అని కొందరు తలపవచ్చును. చదువు, ఆరోగ్యము, ఉపాధి పంచాయతీ పనులైనపుడు, వాటిని చేరుటకు పేదవానికి ఉన్న బండియు పంచాయతీ పట్టించుకొనదగినదే. ఈ క్రింది పనులకు పెద్ద ఖర్చు లేదు.

1. పైన ఇచ్చిన పట్టికను పంచాయతీ కార్యాలయమునందును, పాఠశాలయందును, ఊరి సైకిలు దుకాణమునందును పెద్ద అక్షరములతో వ్రాయించుట.

2. ప్రధానోపాధ్యాయుని సహకారముతో, ఊరిలో టైరు ట్యూబులు లేక మూలబడియున్న సైకిళ్ల జాబితా తయారుచేయుట. ప్రతి సైకిలుకు ఎదురుగా మూడంకెల సంఖ్య వ్రాయవలెను. ఒక్క ఉదయపు పని ఇది. పది సైకిళ్లకు ఒకే సంఖ్య గల టైర్లు కావలెనని తేలినచో అందరును కలిసి ఒకేసారి మండల కేంద్రమునుండి తెప్పించుకొనవచ్చును. ధరయు తగ్గును, దుకాణదారుడును ఆ కొలతను నిలువ ఉంచును.

3. చెత్త సేకరణకై పంచాయతీ వద్ద త్రొక్కుడు బండ్లున్నచో, వాటి టైర్ల సంఖ్యలను సామగ్రి రిజిస్టరులో వ్రాసియుంచుట. కొనుగోలు పత్రములో ‘ఇరువది యెనిమిది టైరు’ అని కాక, ‘28 × 1½, తీగ వ్యాసము 635 మి.మీ.’ అని స్పష్టముగా వ్రాయవలెను. సరకు చేరినపుడు టైరుమీది ముద్రను చదివిన పిమ్మటనే సంతకము చేయవలెను. పత్రములో సంఖ్య ఉన్నచో తప్పు సరకును తిప్పిపంపు హక్కు ఉండును. లేనిచో మాట వివాదము మిగులును.

4. కొనునపుడు భారతీయ ప్రమాణ చిహ్నమును చూచుట. సైకిలు, రిక్షా టైర్లకు ఐ.ఎస్. 2414, ట్యూబులకు ఐ.ఎస్. 2415 అను ప్రమాణములు కలవు. చాలకాలము అటకమీద పడియుండిన టైరు కొత్తదైనను ప్రక్కభాగము బీటలు వారియుండవచ్చును. చేతితో వంచి, బీటలు కనబడినచో వదలివేయవలెను.

5. సైకిలును పాత ఇనుము క్రింద తూచి అమ్మివేయుటకు ముందు, దాని సంఖ్య చూచి టైరు దొరకునేమో విచారింపుమని గ్రామస్థులకు చెప్పుట. చట్రము, హబ్బులు బాగున్న సైకిలు ఒక్క జత టైర్లతో మరల సంవత్సరముల తరబడి నడచును.

6. ఊరి సైకిలు మేస్త్రీని ఒకనాడు బడికి పిలిపించి, పిల్లలచేత టైరు విప్పించి, సంఖ్య చదివించి, తిరిగి వేయించుట. ముఖ్యముగా బాలికలకు ఈ పని నేర్పవలెను. తన సైకిలు టైరును తానే వేసికొనగల బాలిక మరియొకరికొరకు ఎదురుచూచి బడి మానదు.

ముగింపు

చెప్పిన దానిని సంగ్రహించి చూతము. అంగుళములు పేరు మాత్రమే. మిల్లీమీటర్లలో నున్న మూడంకెల సంఖ్యయే కొలత. భిన్నమునకు దశాంశము బదులు కాదు. టైరు సంఖ్య అక్షరాల కలియవలెను. ట్యూబు కొంత సర్దుకొనును. ముద్ర లేనిచో పురికొసతో రిమ్మును కొలువవలెను. బలవంతముగా ఎక్కిన టైరును, వదులుగా ఎక్కిన టైరును నమ్మరాదు.

పంచాయతీ సభ్యులు రాబోవు గ్రామసభలో ఒక పావుగంట ఈ విషయమునకు కేటాయించి, ఒక పాత చక్రమును, ఒక పురికొసను, ఒక మీటరు బద్దను అందరి ఎదుట ఉంచి కొలిచి చూపింతురని ఆశించుచున్నాము. వసారాలలో గోడలకు ఆనియున్న సైకిళ్లలో కొన్నియైనను మరల బాటమీదికి వచ్చినచో, ఆ పావుగంట వ్యర్థము కానేరదు.